కట్టెల అడితికి ఏ యంత్రం కొనాలి: ఒక పాఠకురాలి ఉత్తరానికి సమాధానం

పశ్చిమ గోదావరి డెల్టాలోని ఒక మండల కేంద్రం నుంచి ఒక పాఠకురాలు, పేరు, ఊరు ప్రచురించవద్దని కోరుతూ, నాలుగు పేజీల ఉత్తరం రాశారు. మామగారి కాలం నుంచి నడుస్తున్న కట్టెల అడితిని ఇప్పుడు ఆమె, భర్త కలిసి చూసుకుంటున్నారు. కాటా, లెక్కల పుస్తకం, బాకీల వసూలు ఆమె పని. సరుకు కొనుగోలు, బండ్లు ఆయన పని. నెలకు సగటున 40 టన్నుల కట్టె వస్తుంది. అందులో 26 టన్నులు సరుగుడు కర్రలు. తక్కిన 14 టన్నులు మామిడి, చింత, వేప, నిద్రగన్నేరు దుంగలు. ఈ దుంగల్లో 6 టన్నులు శ్మశానవాటికకు చీల్చకుండానే వెళ్తాయి. మిగిలినదంతా ఊళ్ళోని వంటమేస్త్రీలకు, రెండు హోటళ్ళకు కావలసిన కొలతకు కోసి, చీల్చి ఇవ్వాలి.

పని చేసేవారు ఇద్దరే. ఒకాయనకు 62 ఏళ్ళు, మామగారి రోజుల నుంచి ఉన్న మనిషి, ఇంట్లో అందరూ ఆయనను పెద్దాయన అనే పిలుస్తారు. భుజం నొప్పి వల్ల ఆయన పని సగానికి తగ్గింది. రెండో అతను నడివయసువాడు, బలమైనవాడు, కాని రొయ్యల చెరువుల పట్టుబడి మొదలైతే ఎక్కువ కూలి వస్తుందని అటు వెళ్ళిపోతాడు. చీల్చినందుకు టన్నుకు 900 రూపాయలు ఇస్తున్నారు. కిందటి మాఘమాసంలో కట్టె సమయానికి సిద్ధం చేయలేక రెండు పెళ్ళిళ్ళ ఆర్డర్లు పోయాయి. శ్రావణంలో ఒక వంటమేస్త్రి, కట్టె పచ్చిగా ఉంది, పొగ తప్ప మంట రావడం లేదు అని బండెడు సరుకు తిప్పి పంపాడు.

భర్త, అప్పు చేసి నాలుగున్నర లక్షల పెద్ద హైడ్రాలిక్ మిషను కొందామంటున్నారు. దానికి 25 టన్నుల శక్తి ఉందని డీలరు చెప్పాడట. అదే డీలరు దగ్గర లక్షా నలభై వేలకు 10 టన్నుల చిన్న నిలువు మిషను కూడా ఉంది కాని, అది మన పనికి ఆనదని ఆయన కొట్టిపారేశారు. మరిది మాత్రం, పాత 5 హెచ్‌పీ మోటారుకు స్క్రూలా మర తిప్పిన ఇనుప శంకువును బిగించి 35 వేలకే చీల్చే యంత్రం తయారు చేసి ఇస్తానన్న వెల్డింగు షాపు స్నేహితుడి మాట పట్టుకున్నారు. అన్నదమ్ములు ఈ విషయం మీద వారం రోజులుగా సరిగ్గా మాట్లాడుకోవడం లేదు. పెద్దాయనను మాన్పిస్తే ఊరుకోనని అత్తగారు ముందే చెప్పేశారు. "ఏ మిషను కొనాలో, అసలు అప్పు చేయాలో వద్దో, పెద్దాయన విషయంలో న్యాయం ఏమిటో చెప్పండి. చీరకొంగు దోపుకొని ఆ మిషను దగ్గర నిలబడేది చివరికి నేనే" అని ఆమె రాశారు.

అమ్మా, మీరు లెక్కలు చూసే మనిషి కాబట్టి మీ ఉత్తరంలో జవాబుకు కావలసిన అంకెలన్నీ ఉన్నాయి. వాటిని ఒక వరుసలో పెట్టి చూద్దాం.

మీరంతా చీల్చే మిషను గురించే వాదించుకుంటున్నారు. అసలు మీ అడితిలో నెలకు చీల్చవలసిన కట్టె ఎంత? సరుగుడు కర్ర సహజంగానే సన్నం. మొదళ్ళు తప్ప తక్కినది పొడవు కోస్తే చాలు, పొయ్యిలోకి పనికివస్తుంది. 14 టన్నుల దుంగల్లో శ్మశానానికి పోయే 6 టన్నులు తీసేస్తే 8 టన్నులు. సరుగుడు మొదళ్ళు మరో 2 టన్నులు కలుపుకున్నా మొత్తం 10 టన్నులు. నెలకు 25 పనిదినాలు అనుకుంటే రోజుకు 400 కిలోలు. ఆరోగ్యంగా ఉన్న ఒక మనిషి గొడ్డలితోనే పూటలో కాస్త అటూఇటూగా పూర్తి చేయగల పని ఇది. మరి ఇద్దరు మనుషులు ఉండి ఆర్డర్లు ఎందుకు పోయాయి? వాళ్ళ రోజంతా చీల్చడంలో పోవడం లేదు. 26 టన్నుల సరుగుడును చేతి రంపంతో, గొడ్డలితో ముక్కలు కోయడంలోనూ, ఒక చోటి నుంచి మరో చోటికి మోయడంలోనూ పోతున్నది. ఒక కర్రను మూడడుగుల ముక్కలు చేయడానికి గొడ్డలితో ప్రతి కోత దగ్గరా రెండు వైపులా గంటు పెట్టాలి. అందులో కట్టె పేళ్ళుగా లేచిపోవడం వేరే నష్టం. మీవారు కొందామంటున్న యంత్రం ఈ పనిలో ఒక్క కోత కూడా తగ్గించదు.

అందుకని కోతతో మొదలుపెట్టమని నా సలహా. దీనికి మీ ముందున్న మార్గాలు రెండు. ఒకటి కరెంటుతో తిరిగే గుండ్రటి రంపపు బల్ల, రెండోది చేత్తో పట్టుకొని కోసే గొలుసు రంపం, అంటే చైన్ సా. రంపపు బల్ల వేగంగా కోస్తుంది, నిజమే. కాని కరెంటు రంపం పెట్టగానే మీ అడితి సా మిల్లు లెక్కలోకి వచ్చే అవకాశం ఉంది. మన రాష్ట్రంలో సా మిల్లుల నియంత్రణకు 1969 నుంచీ నియమాలు ఉన్నాయి. 1996 డిసెంబరు 12న అడవుల రక్షణకు సంబంధించిన గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు ఉత్తర్వు వచ్చాక లైసెన్సు లేని మిల్లుల మీద పట్టు మరీ బిగిసింది. అటవీ రేంజి కార్యాలయంలో రాతపూర్వకంగా అడిగి తెలుసుకోకుండా ఆ బల్ల మీద ఒక్క రూపాయి పెట్టకండి. పైగా ఊళ్ళలో కనిపించే బల్లల్లో చాలావాటికి రంపపు చక్రం మీద కప్పు కూడా ఉండదు.

చైన్ సా మీకు సరిగ్గా సరిపోతుంది, అయితే ఒక్కొక్క కర్రను నేల మీద పెట్టి కోస్తే దాని లాభంలో సగం పోతుంది. ఇనుప చానల్‌తో నడుము ఎత్తున, ఇంగ్లీషు 'యు' అక్షరం ఆకారంలో ఒక తొట్టి కట్టించండి. అందులో ఎనిమిది పది సరుగుడు కర్రలు పేర్చి, పైనుంచి గొలుసుతోనో బెల్టుతోనో బిగించి, తొట్టి నిలువు కడ్డీల మధ్య వదిలిన ఖాళీల్లోంచి చైన్ సా దించితే ఒక్క కోతకు పది ముక్కలు రాలతాయి. కడ్డీల మధ్య దూరం మీ వంటమేస్త్రీలు అడిగే కొలతకే పెట్టించుకుంటే టేపు పట్టుకొని కొలిచే పని కూడా ఉండదు. కోసిన ముక్క నేరుగా తోపుడు బండిలో పడేటట్టు తొట్టిని అమర్చండి. అడితి పనిలో నడుం విరిచేది వంగి ఎత్తడమే. చైన్ సా గొలుసు కోత వెడల్పు సుమారు 7 మిల్లీమీటర్లు, అంటే రెండడుగుల ముక్కకు నూటికి ఒక వంతు మాత్రమే పొట్టుగా పోతుంది.

పెట్రోలు యంత్రమైతే 50 సీసీ ప్రాంతంలో, 16 నుంచి 18 అంగుళాల బారుతో, అంటే గొలుసు తిరిగే పొడుగాటి పలకతో, ఉన్నది చాలు. అంతకన్న పెద్దది పెద్ద బరువు మాత్రమే. పెట్రోలులో కలిపే టూ స్ట్రోకు నూనె, గొలుసుకు పోసే నూనె వేర్వేరు. కలిపే నూనె సాధారణంగా 50 పాళ్ళకు ఒక పాలు, అంటే లీటరుకు 20 మిల్లీలీటర్లు, అయినా యంత్రంతో ఇచ్చిన పుస్తకంలో ఉన్న కొలతే పాటించాలి. ఎండిన సరుగుడు చాలా గట్టి కట్టె, దాని బెరడులో ఇసుక ఉంటుంది, అందుచేత గొలుసు పళ్ళు త్వరగా మొద్దుబారతాయి. ముక్కలు ముక్కలుగా పడవలసిన పొట్టు పిండిలా రాలుతోందంటే ఆకురాయి పట్టవలసిన వేళయిందన్న మాట. టాంకు నింపిన ప్రతిసారీ పళ్ళు సరిచేసుకునే అలవాటు ఉంటే యంత్రమూ చేతులూ రెండూ మన్నుతాయి. మొద్దు గొలుసును బలంతో నొక్కే చోటనే ప్రమాదాలు జరుగుతాయి. బారు చివరి పై భాగం కట్టెకు తగిలితే యంత్రం కన్నుమూసి తెరిచేలోగా ముఖం మీదికి ఎగదన్నుతుంది. బారు ముక్కును ఎప్పుడూ కట్టెలో గుచ్చకూడదు, గొలుసు బ్రేకు పనిచేస్తోందో లేదో రోజూ చూసుకోవాలి, రెండు చేతుల బొటనవేళ్ళూ పిడి చుట్టూ తిరిగి ఉండాలి. ముఖానికి జాలీ ఉన్న హెల్మెట్, చెవులకు మఫ్స్, కాళ్ళకు గొలుసును పట్టి ఆపే ప్రత్యేకమైన తొడుగు, బొటనవేలు కప్పే బూట్లు, ఈ నాలుగూ యంత్రంతో పాటే కొనండి. లుంగీ, చెప్పులతో ఆ యంత్రాన్ని ఎవరూ ముట్టకూడదన్న నియమం మీరే పెట్టండి.

మరొక మాట. ఈ యంత్రం నేర్చుకునే మనిషి అడితిలో నిలకడగా ఉండేవాడై ఉండాలి. రొయ్యల పట్టుబడి రోజుల్లో వెళ్ళిపోయే అతనికి మాత్రమే పని తెలిస్తే, మాఘమాసంలో మీ పరిస్థితి మళ్ళీ మొదటికే వస్తుంది. మీవారు తప్పనిసరిగా నేర్చుకోవాలి. మీరు నేర్చుకోవాలనుకుంటే అడ్డు చెప్పవలసిన కారణం నాకు ఏదీ కనిపించడం లేదు, ఆ పని చీరలో మాత్రం వద్దు.

ఇప్పుడు మీ మరిది చెప్పిన మర శంకువు విషయం. దీని గురించి మెత్తగా చెప్పలేను: మీ అడితిలోకి దానిని రానివ్వకండి. ఆ శంకువు తిరుగుతూ తనంతట తానే దుంగలోకి దిగుతుంది, దుంగను తన వైపు లాక్కుంటుంది. కట్టె నార మెలితిరిగి ఉన్నచోట, కణుపు తగిలినచోట శంకువు ఇరుక్కుపోయి దుంగను కూడా తనతో పాటు గిర్రున తిప్పేస్తుంది. పక్కన నిలబడ్డ మనిషి మోకాలు, చెయ్యి ఆ దుంగకు అడ్డు. కొంగు, కండువా, చొక్కా చేతి అంచు, విడిగా వేలాడే దారం, ఏది ఆ మరకు చిక్కినా మనిషిని లోపలికి లాగుతుంది. రక్షణ కోసమని చేతి తొడుగులు వేసుకుంటే అదింకా ప్రమాదం, తొడుగుతో సహా చెయ్యి చుట్టుకుపోతుంది. సాధారణ 5 హెచ్‌పీ మోటారు నిమిషానికి దాదాపు 1,440 చుట్లు తిరుగుతుంది. వేగం తగ్గించే పుల్లీలు సరిగ్గా లెక్కకట్టకుండా బిగిస్తే ఏమవుతుందో ఊహించడానికే భయం వేస్తుంది. స్విచ్చి ఆపిన తరువాత కూడా అది కొన్ని చుట్లు తిరుగుతూనే ఉంటుంది. యూరప్‌లో కట్టె చీల్చే యంత్రాల భద్రతా ప్రమాణం, ఈఎన్ 609, రాసినప్పుడు చీలతో, అంటే ఒక అంచు సన్నగా ఉండే ఇనుప దిమ్మతో, నొక్కి చీల్చే యంత్రాలకు ఒక భాగం, మర తరహాకు విడిగా మరో భాగం పెట్టవలసి వచ్చింది. కర్మాగారంలో అన్ని కప్పులతో తయారైన యంత్రానికే అంత జాగ్రత్త కావలసి వచ్చినప్పుడు, కప్పు లేకుండా వీధి షాపులో బిగించినదానిని మీ ఇంటి మనుషుల పక్కన ఎలా పెట్టుకుంటారు? పని చేస్తూ గాయపడిన కార్మికుడికి పరిహారం చెల్లించవలసిన బాధ్యత యజమానిదని మన దేశంలో 1923 నుంచీ చట్టం ఉంది. ఒక్క ప్రమాదం జరిగితే 35 వేల చౌకదనం ఎక్కడ నిలుస్తుందో మరిదిగారికి మీరు లెక్కకట్టి చూపగలరు.

అయితే ఆయన మాటను తోసిపుచ్చడం ఒక్కటే చేస్తే ఇంట్లో ఇప్పుడున్న బిగువు ఇంకా పెరుగుతుంది. ఆయన ఉద్దేశం చెడ్డది కాదు. అన్న మీద అప్పు పడకూడదన్న తాపత్రయం అందులో ఉంది. పైన చెప్పిన కోత తొట్టి, తోపుడు బండి, కట్టె పేర్చే ఇనుప చట్రాలు, ఇవన్నీ వెల్డింగు పనులే. ఆ స్నేహితుడి చేతనే అవి కట్టించే పని ఆయనకు అప్పగించండి. అడితికి నిజంగా కావలసినవీ అవే.

ఇక మీవారు చెప్పిన హైడ్రాలిక్ మిషను. ఇది పద్ధతిగా తయారైనదైతే చీల్చే యంత్రాలలో నమ్మదగిన రకం. కదిలే వేగం తక్కువ, మీట వదిలితే ఆగుతుంది. ప్రశ్న మంచిచెడ్డలది కాదు, మీ 10 టన్నుల పనికి ఎంత పెద్దది కావాలన్నది. నాలుగున్నర లక్షలకు ఏడాదికి 11 శాతం వడ్డీతో 5 ఏళ్ళ వాయిదాలు అనుకుంటే నెలకు సుమారు 9,800 రూపాయలు కట్టాలి. చీల్చే సరుకు నెలకు 10 టన్నులే కాబట్టి టన్నుకు వాయిదా ఒక్కటే 980 రూపాయలు. ఇప్పుడు గొడ్డలితో చీల్చే మనిషికి మీరిస్తున్నది 900. అంటే మిషను నడిపే మనిషి కూలి, కరెంటు, ఆయిలు, మరమ్మతు కలపకముందే మీరు నష్టంలో ఉంటారు. మామూలు హైడ్రాలిక్ యంత్రం కూడా గంటకు అర టన్ను తేలికగా చీలుస్తుంది, కాబట్టి ఆ పెద్ద మిషను రోజుకు గంట కూడా తిరగదు. అదే లెక్కన లక్షా నలభై వేల చిన్న మిషనుకు నెల వాయిదా 3,050, టన్నుకు 305 రూపాయలు పడుతుంది. ఈ రెండు అంకెలూ మీ పుస్తకంలో ఒకే పేజీలో రాసి మీవారి ముందు పెట్టండి.

25 టన్నులు, 10 టన్నులు అన్న మాటల వెనక ఏముందో కూడా తెలుసుకుంటే డీలరు దగ్గర మీ మాటకు బరువు ఉంటుంది. సిలిండరు లోపలి వైశాల్యాన్ని నూనె ఒత్తిడితో గుణిస్తే వచ్చేదే ఆ శక్తి. 100 మిల్లీమీటర్ల లోపలి వ్యాసం ఉన్న సిలిండరుకు 200 బార్ ఒత్తిడి ఇస్తే సుమారు 16 టన్నులు వస్తుంది. అదే ఒత్తిడిలో 25 టన్నులు కావాలంటే వ్యాసం 125 మిల్లీమీటర్లు ఉండాలి. డీలరు చెప్పిన టన్నులు ఈ లెక్కకు అందకపోతే ఆ అంకె కాగితం మీదిదే. శక్తి పెరిగితే వేగం తగ్గుతుందన్న సంగతి డీలర్లు చెప్పరు: లావు సిలిండరు నిండడానికి ఎక్కువ నూనె కావాలి, కాబట్టి అదే పంపుతో చీల నెమ్మదిగా కదులుతుంది. నిమిషానికి 20 లీటర్ల పంపు 100 మిల్లీమీటర్ల సిలిండరును రెండడుగులు జరపడానికి దాదాపు పద్నాలుగు సెకన్లు తీసుకుంటుంది, కాని 200 బార్ దగ్గర ఆ వేగం నిలబెట్టడానికి 10 హెచ్‌పీ మోటారు కావాలి. రెండు అంచెల పంపు ఉంటే, కట్టెను తాకే వరకు వేగంగా వచ్చి, బిగువు తగిలాక నెమ్మదిగా పూర్తి శక్తితో నొక్కుతుంది, తక్కువ మోటారుతో పని జరుగుతుంది. మీరు డీలరును అడగవలసిన మొదటి ప్రశ్న అదే. రెండోది, రెండు చేతులతో రెండు మీటలు పట్టుకుంటేనే చీల కదులుతుందా అన్నది. అలా ఉంటే మూడో చెయ్యి లేనిదే వేలు నలగదు. ఒక మీట ఉన్న యంత్రం ఎంత చౌకగా వచ్చినా వద్దు. ఒకరు మీట నొక్కుతూ మరొకరు దుంగ పట్టుకోవడమే ఈ యంత్రాల దగ్గర వేళ్ళు పోయే దారి. మూడోది, సీలు కిట్లు, గొట్టాలు భీమవరంలోనో ఏలూరులోనో దొరుకుతాయా, లేక ఎక్కడి నుంచో తెప్పించుకోవాలా అన్నది.

చిన్న మిషనును మీవారు కొట్టిపారేసిన కారణం పూర్తిగా తప్పు కాదు. 10 టన్నుల యంత్రం మామిడిని, తిన్నటి నార ఉన్న సరుగుడు మొదళ్ళను హాయిగా చీలుస్తుంది, కాని చింత పంగ దగ్గర, వేప కణుపుల దగ్గర మొరాయిస్తుంది. ఈ రెంటిలోనూ నార ఒకదానిలో ఒకటి అల్లుకొని ఉంటుంది. అయితే అటువంటి దుంగలను చీల్చవలసిన అవసరం మీకు లేదు! నెలకు 6 టన్నులు శ్మశానానికి దుంగలుగానే పోతున్నాయి కదా. ఇప్పుడు ఆ 6 టన్నులు చేతికి అందినవి అందినట్టు వెళ్తున్నాయని మీ ఉత్తరం బట్టి అర్థమవుతోంది. బండి దిగగానే పంగలు, కణుపులు, మెలితిరిగినవి విడిగా తీసి ఒక కుప్ప పెట్టి అటు పంపితే, మీకు చీల్చడానికి మిగిలేవన్నీ లొంగే దుంగలే. విందు వంటల గాడిపొయ్యికి కూడా చివరలో నిదానంగా కాలే మొద్దులు నాలుగు కావాలని వంటమేస్త్రీలు అడుగుతారు, అక్కడికీ ఈ పంగలు పోతాయి.

కట్టెను పచ్చిగా ఉండగానే చీల్చాలి. గట్టి కట్టెల్లో చాలావరకు ఎండేకొద్దీ బిగుసుకుపోతాయి, చింత మరీ ఎక్కువ. దుంగను ముందు పొట్టిగా కోస్తే చీల్చే శ్రమ బాగా తగ్గుతుంది. లావు దుంగను నడిమధ్య కొట్టకుండా అంచుల నుంచి పేళ్ళు విడదీసుకుంటూ రావాలి, కోసిన ముఖం మీద అప్పటికే ఉన్న పగులు వెంట చీల పెట్టాలి. ఇవి పెద్దాయనకు నేను చెప్పవలసినవి కావు, మిషను దగ్గర నిలబడబోయే కొత్తవాళ్ళ కోసం చెబుతున్నాను. యంత్రం కొనేదాకా కూడా రెండు మూడు మంచి ఇనుప చీలలు, ఒక సమ్మెట, మూడున్నర కిలోల మొద్దు అంచు చీల్చే గొడ్డలి ఒకటి తెప్పించండి. సన్నటి అంచు ఉన్న నరికే గొడ్డలి కట్టెలో దిగి ఇరుక్కుంటుంది. మొద్దు అంచుది నారను పక్కలకు నెడుతుంది. పెద్దాయన భుజం నొప్పిలో కొంత వాటా ఆ ఇరుక్కున్న గొడ్డలిని పెరకడానిదే కావచ్చు.

మీ ఉత్తరంలో నాకు అన్నిటికన్న ముఖ్యంగా తోచిన వాక్యం, శ్రావణంలో తిరిగొచ్చిన బండి గురించి మీరు దారిన పోతూ రాసిన ఆ ఒక్క ముక్క. ఎంత పెద్ద మిషను కొన్నా ఆ బండి తిరిగే వచ్చేది. అప్పుడే నరికిన కట్టె బరువులో దాదాపు సగం నీరే ఉంటుంది. పొయ్యిలో ఒక్కొక్క కిలో నీరు ఆవిరి కావడానికి 600 కిలోక్యాలరీలకు పైగా వేడి ఖర్చవుతుంది, పైగా కట్టె చల్లగా కాలి పొగ కక్కుతుంది. తేమ 20 శాతానికి దిగితే అదే కట్టె మరో కట్టెలా మండుతుంది. బెరడు తేమను పోనివ్వదు కాబట్టి దుంగగా పడేసినది నెలల తరబడి లోపల పచ్చిగానే ఉంటుంది. చీల్చినది మన ఎండల్లో త్వరగా ఆరుతుంది. కాబట్టి పెళ్ళి ఆర్డరు వచ్చాక చీల్చే పద్ధతి మానుకొని, సంక్రాంతి నుంచి ఎండాకాలం చివరి దాకా చీల్చి నిలవ పెట్టుకుంటే, శ్రావణం పెళ్ళిళ్ళకూ కార్తీక వనభోజనాలకూ మీ దగ్గర ఎండిన కట్టె ఉంటుంది. తుఫాను రోజుల్లో డెల్టాలో ఎండిన కట్టె ఎవరి దగ్గర ఉంటే వాళ్ళ దగ్గరికే వంటమేస్త్రీలు వస్తారు. దీనికి కావలసింది పైన రేకులు, కింద నేలకు జానెడు ఎత్తున దూలాలు, నాలుగు పక్కలా గోడలు లేని పాక. గాలి ఆడకుండా టార్పాలిన్ కప్పి పెట్టిన కట్టె ఎండదు, బూజు పడుతుంది.

ఇవన్నీ కలిపి చూస్తే మీకు మూడు దారులు ఉన్నాయి. మొదటిది, ఈ ఏడాది చైన్ సా, కోత తొట్టి, చీలలు, ఆరబెట్టే పాక వరకే ఆగి, చీల్చడం గొడ్డలితోనే కొనసాగించడం. అప్పు అక్కరలేదు లేదా చాలా చిన్నది. కాని పెద్దాయన భుజానికి దీనివల్ల కొద్దిపాటి ఉపశమనమే, రెండో అతను వెళ్ళిపోయిన రోజుల్లో మళ్ళీ ఇబ్బందే. రెండోది, వీటితో పాటు రెండు మీటల చిన్న హైడ్రాలిక్ కూడా కొనడం. దీనికి ముద్రా పథకంలో 50 వేల నుంచి 5 లక్షల వరకు ఇచ్చే కిశోర్ విభాగంలో ఆస్తి తాకట్టు లేకుండా బ్యాంకును అడగవచ్చు. మీ లెక్కల పుస్తకమే అక్కడ మీకు బలం. నెలకు ఒక పెళ్ళి ఆర్డరు అదనంగా నిలబెట్టుకున్నా వాయిదా బరువు తేలికవుతుందని నా అంచనా. మూడోది, మీవారు కోరినట్టు పెద్ద మిషను. అది గిట్టుబాటు కావాలంటే మీ సొంత సరుకు చాలదు, చుట్టుపక్కల అడితులకు కూలికి చీల్చి ఇచ్చే ఒప్పందాలు ముందే చేతిలో ఉండాలి. మెట్ట ప్రాంతంలో జంగారెడ్డిగూడెం, కొయ్యలగూడెం వైపు పొగాకు ఆరబెట్టే బ్యారన్లకు కట్టె చాలా పోతుంది కాబట్టి అక్కడికి అమ్మవచ్చని మీవారికి ఆశ ఉండవచ్చు. బ్యారన్ పొయ్యికి లావు కట్టె కూడా పనికివస్తుంది, సన్నగా చీల్చి ఇచ్చినందుకు ఎక్కువ ధర ఇస్తారో లేదో నలుగురు రైతులను అడిగాకే ఆ లెక్కలో కలపండి. నా మొగ్గు రెండో దారి వైపు, అందులోనూ కోత, పాక ముందు, చీల్చే మిషను వేసవి ముగిశాక. అప్పటిదాకా నిజంగా ఎన్ని టన్నులు చీల్చారో రోజువారీ రాసి పెట్టుకుంటే, కొనవలసిన సైజు ఆ పుస్తకమే చెబుతుంది. మీవారు దీనికి ఒప్పుకోక పెద్దదే కావాలంటే, కనీసం రెండు అడితులతో కాగితం మీద ఒప్పందం తెమ్మని అడగడం మీ హక్కు. ఆ అప్పు మీ ఇద్దరిదీ.

పెద్దాయన సంగతి. ఆయనను మాన్పించడమా ఉంచడమా అన్న రెండు ముక్కల ప్రశ్నగా ఇంట్లో మాట్లాడుతున్నారు, ఆయనను మాత్రం ఎవరూ అడిగినట్టు మీ ఉత్తరంలో లేదు. ముందు ఆయనను కూర్చోబెట్టి అడగండి. దుంగను చూడగానే నార ఎటు పోతుందో, ఏది చీలుతుందో ఏది చీలదో చెప్పగల కన్ను ఆయనది. పైన నేను చెప్పిన ఏరివేత పని సరిగ్గా జరిగితేనే చిన్న మిషను సరిపోతుంది, ఆ పనికి మీ అడితిలో ఆయనను మించినవారు లేరు. దుంగలు ఏరడం, పేర్చడం చూడటం, తరువాత రెండు మీటల మిషను దగ్గర నిలబడటం ఆయన భుజం భరించగల పనులు. దుంగను మిషను మీదికి ఎత్తడం మాత్రం మరొకరు చేయాలి. అలా అయితే టన్ను లెక్క కూలి ఆయనకు అన్యాయం చేస్తుంది, రోజు కూలికి మార్చండి. యంత్రం వచ్చాక టన్నుకు 900 అలాగే ఉంచాలా తగ్గించాలా అన్న తగవు కూడా తప్పకుండా వస్తుంది కాబట్టి రెండో అతనితో సైతం ఈ మార్పు యంత్రం రాకముందే మాట్లాడుకోవాలి. వద్దు, ఇక ఇంటిపట్టున ఉంటానని పెద్దాయనే అంటే, ఇన్నేళ్ళ పనికి మీరు ఇవ్వగలిగిన మొత్తం ఒకసారిగా, గౌరవంగా చేతిలో పెట్టండి. 60 నిండినవారికి వచ్చే ఎన్టీఆర్ భరోసా పింఛను, నెలకు 4,000 రూపాయలు, ఆయనకు అందుతోందో లేదో సచివాలయంలో మీరే కనుక్కోండి. గొడ్డలితోనే కొనసాగుతానని పట్టుబడితే, భుజాన్ని ఎముకల డాక్టరుకు చూపించకుండా ఒప్పుకోకండి. ఏ దారి అయినా, ఇద్దరి పేర్లా బ్యాంకులో ప్రధానమంత్రి సురక్షా బీమా కట్టండి. 70 ఏళ్ళ వరకు చేరవచ్చు, ఏడాదికి 20 రూపాయలు, ప్రమాదంలో ప్రాణం పోయినా పూర్తి వైకల్యం వచ్చినా 2 లక్షలు వస్తాయి. మీ బాధ్యతకు అది బదులు కాదు గాని, లేకపోవడం కన్న మేలు.

డీలరు దగ్గరికి వెళ్ళే రోజున మీరు కూడా వెళ్ళండి, మీ అడితిలోని రెండు దుంగలు, ఒకటి మామిడి, ఒకటి చింత, బండిలో వేసుకొని తీసుకెళ్ళి ఆ మిషను మీద మీ కళ్ళ ముందు చీల్పించండి. 3 హెచ్‌పీ మోటారైతే సింగిల్ ఫేజు మీద నడుస్తుంది, కాని సాయంత్రం వోల్టేజీ పడిపోయే ఊళ్ళలో దాన్ని ఉదయం పూటే నడపాలి. అంతకు మించితే త్రీ ఫేజు కనెక్షనుకు, అదనపు లోడుకు విద్యుత్ కార్యాలయంలో ముందే దరఖాస్తు పెట్టుకోవాలి. ఆ ఖర్చు ఎంతో కనుక్కోకుండా డీలరుకు బయానా ఇవ్వకండి.